లినక్స్‌కి తెలుగులో పుస్తకం కావాలి: అధికారులకూ, మన ఇంజనీర్లకూ ఒక బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లో కంప్యూటర్ చదువుల మీద నిర్ణయాలు తీసుకునే గౌరవనీయులైన అధికారులకు,
లినక్స్ మీద రోజూ పనిచేస్తున్న తెలుగు ఇంజనీర్లకు,

నమస్కారం.

నేనొక మండల కేంద్రంలో ప్రభుత్వ ఉన్నత పాఠశాల లెక్కల మాస్టారిని. ల్యాబ్ తాళంచెవి నా దగ్గరే ఉంటుంది కాబట్టి కంప్యూటర్ మాస్టారిని కూడా నేనే. మీ బల్ల మీదికి రావాల్సిన ఉత్తరాన్ని ఇలా అందరికీ వినపడేలా చదువుతున్నందుకు ముందే క్షమాపణ చెప్పుకుంటున్నాను.

లినక్స్ అంటే విండోస్ లాగే కంప్యూటర్‌ని నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్. దాన్ని నేర్చుకోడానికి తెలుగులో పుస్తకం కావాలని మూడుసార్లు అర్జీ పెట్టాను. మొదటిది పోస్టులో వేశాను, జవాబు లేదు. రెండోది సోమవారం గ్రీవెన్స్‌కి వెళ్లి చేతికిచ్చాను, రసీదు ఇచ్చారు. మూడోది ఆన్‌లైన్లో పెట్టాను. "మీ అర్జీ తగు చర్య నిమిత్తం సంబంధిత విభాగమునకు పంపబడినది" అని మెసేజ్ వచ్చింది. నాలుగు రోజులకి "పరిష్కరించబడినది" అని ఇంకోటి వచ్చింది. ఏం పరిష్కరించారో ఇప్పటికీ తెలియదు. ఏ ఆఫీసు అన్నది ఇక్కడ అనవసరం. అక్కడి గుమాస్తా మీద నాకు కోపం లేదు. "లినక్స్ నేర్చుకోడానికి తెలుగులో పుస్తకం కావాలి" అన్న అర్జీని ఏ ఫైల్లో కట్టాలో ఆయనకి మాత్రం ఎవరు చెప్పారు?

అసలు సంగతి చెప్తాను.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు అయిపోయింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ప్రాసెసర్ మరీ పాతది కాకూడదు. మా ల్యాబ్‌లో నడుస్తున్న 18 మెషీన్లలో ఒక్కటి కూడా ఆ పరీక్ష పాసవలేదు. కొత్తవి కొనడానికి స్కూలు దగ్గర డబ్బు లేదు. పాతవి పారేద్దామంటే అవి శుభ్రంగా నడుస్తున్నాయి. సంక్రాంతి సెలవుల్లో మా అబ్బాయి వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని అన్నిట్లోనూ డెబియన్ వేశాం. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన లినక్స్ డిస్ట్రో అది. డిస్ట్రో అంటే లినక్స్‌నీ, దానికి కావలసిన సాఫ్ట్‌వేర్లనీ కలిపి ఇచ్చే కూర్పు. ఇప్పటికీ వలంటీర్లే నడుపుతున్నారు. ఉబుంటు అనే మరో డిస్ట్రోకీ, మన కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ 2007లో విడుదల చేసిన బాస్ లినక్స్‌కీ పునాది అదే. లైసెన్సు ఖర్చు పైసా లేదు.

ఇన్‌స్టాలర్ తెరవగానే భాషల జాబితాలో 'తెలుగు' కనపడింది. ప్రాణం లేచొచ్చింది. నొక్కితే ప్రశ్నలు తెలుగులో అడగడం మొదలుపెట్టింది. ఎవరో తెలుగువాళ్లు ఎప్పుడో రాత్రిళ్లు మేలుకుని ఆ వాక్యాలు రాసి ఉంటారు. వాళ్లెవరైనా సరే, వాళ్లకి దణ్ణం. కానీ ఆ తెలుగు గడప దాకానే. ఆ ఇన్‌స్టాలర్‌కి తోడుగా ఇచ్చే గైడే తెలుగులో లేదు. లోపలికి అడుగుపెట్టాక మెనూలు కొన్ని తెలుగు, కొన్ని ఇంగ్లీషు. ఎలా వాడాలో చెప్పే పుస్తకం మాత్రం మాకు తెలుగులో దొరకలేదు.

సెలవుల తర్వాత ల్యాబ్ లీడర్లుగా పెట్టుకున్న ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టాను. టక్స్‌మ్యాత్ అని లెక్కల ఆట ఒకటుంది, అది వేయడం నేర్పుదామని. అమ్మాయి సూడో కమాండు కొట్టింది. మెషీన్ యజమాని హక్కుతో పని చేయించే కమాండు అది. పాస్‌వర్డ్ అడిగింది. టైపు చేస్తోంది, తెర మీద ఏమీ కదలడం లేదు. చుక్కలు లేవు, నక్షత్రాలు లేవు.

"సార్, కీబోర్డు పోయింది" అంది.

పక్క మెషీన్ కీబోర్డు పీకి పెట్టాం. అదీ పోయింది. మూడోది కూడా పోయేసరికి నాకు అనుమానం వచ్చింది. అప్పటికి బెల్లు కొట్టారు. రాత్రి మా అబ్బాయికి ఫోన్ చేస్తే ఒకటే నవ్వు. పాస్‌వర్డ్‌లో ఎన్ని అక్షరాలున్నాయో కూడా పక్కవాళ్లకి తెలియకూడదని కావాలనే అక్కడ ఏమీ చూపించరట. కనపడకపోయినా కొట్టేసి ఎంటర్ నొక్కాలట. ఇంత చిన్న ముక్క ముందే తెలుగులో చదివి ఉంటే మా పీరియడ్ దక్కేది.

మా స్కూలుకి లినక్స్ డాక్యుమెంటేషన్ అంటే మా అబ్బాయి ఫోన్ నంబరు. అలాంటి అబ్బాయి లేని స్కూళ్ల గతేమిటని అడగడానికే ఈ ఉత్తరం.

'నెట్‌లో అన్నీ ఉన్నాయి కదండీ' అని ఎవరైనా అంటారని తెలుసు. ఉన్నాయి. ఏమేం ఉన్నాయో కాస్త దగ్గర్నించి చూద్దాం.

మొదటిది, మెషీన్‌లోనే ఉన్న మాన్యువల్. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ 1971 నవంబరులో లినక్స్‌కి నమూనా అయిన యూనిక్స్ మొదటి మాన్యువల్ రాశారు. ఆ పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. 'మ్యాన్' అని కొట్టి పక్కన ఏ కమాండు పేరు పెడితే దాని వివరం అంతా వస్తుంది. నెట్ అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. పల్లెటూరి స్కూలుకి ఇంతకన్నా ఏం కావాలి? అయితే అదంతా ఇంగ్లీషు. అందులోనూ తెలిసినవాడు గుర్తుచేసుకోడానికి రాసుకున్న ఇంగ్లీషు. డెబియన్‌లో జర్మన్‌కి, ఫ్రెంచికి, పోలిష్‌కి, జపనీస్‌కి ఈ పేజీల ప్యాకేజీలు వేరేగా దొరుకుతాయి. 2011 జనాభా లెక్కల్లో 8 కోట్ల 11 లక్షల మంది మాతృభాషగా చెప్పుకున్న తెలుగుకి లేదు.

ఒక్క ఉదాహరణ చెప్తాను. ఫోల్డర్‌లో ఏమున్నాయో చూపించే కమాండు ఎల్‌ఎస్. పిల్లలకి నేర్పే మొదటి కమాండు అదే. దాని మ్యాన్ పేజీలో వచ్చే మొదటి ఆప్షన్ 'మైనస్ ఎ'. దానికి ఎదురుగా రాసింది: 'డు నాట్ ఇగ్నోర్ ఎంట్రీస్ స్టార్టింగ్ విత్ డాట్'. మా పిల్లలు ఫోన్లో దాన్ని అనువాదం చేయించారు. 'చుక్కతో ప్రారంభమయ్యే నమోదులను విస్మరించవద్దు' అని వచ్చింది. ఒక కుర్రాడు లేచి "నేనేం విస్మరించాను సార్?" అని అడిగాడు. తప్పు వాడిది కాదు. ఆ వాక్యం కమాండుకి చెప్పినట్టు లేదు, వాణ్ణి మందలించినట్టుంది. బోర్డు మీద నేను ఇలా రాశాను: "పేరు చుక్కతో మొదలైతే ఆ ఫైలు మామూలుగా కనపడదు. మైనస్ ఎ పెడితే అది కూడా కనపడుతుంది." క్లాసంతటికీ అర్థమైంది. యంత్రం అనువాదం చేసేస్తుంది, మనుషులెందుకు అనే పెద్దలు ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టుకుని ఒకసారి చదవాలని మనవి.

రెండోది వీడియోలు. తెలుగులో లినక్స్ చెప్పే వీడియోలు చాలా ఉన్నాయి, కొన్ని మంచివి. ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్స్‌ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పదేసి నిమిషాల పాఠాలు, తెర సగంలో వీడియో, మిగతా సగంలో మనం చేసుకుంటూ పోవడం. తెలుగు డబ్బింగ్ ఉంది, కొన్నిటికి తెలుగు స్క్రిప్టు కూడా రాతలో ఉంది. నాకు బాగా ఉపయోగపడ్డాయి. కానీ ఆ పాఠాల్లో కనపడే తెరకీ, మా ముందున్న తెరకీ పోలిక ఉండదు. పైగా వీడియోలో వెతకడం కుదరదు. 'పర్మిషన్ డినైడ్' అని తెర మీద పడినప్పుడు నాకు కావలసింది ఆ ఒక్క సంగతి గురించి నాలుగు లైన్లు. దానికోసం 'హాయ్ ఫ్రెండ్స్, వెల్‌కమ్ టు మై ఛానెల్' నుంచి మొదలుపెట్టి చూసే ఓపిక ఎవరికుంది? డేటా ఎవరికుంది?

మూడోది తేదీల గొడవ. లినక్స్ ఆగి ఉండేది కాదు. నెట్‌వర్క్‌లో మెషీన్‌కి ఉండే నంబరు, అంటే ఐపీ అడ్రస్ చూడాలంటే 'ఇఫ్‌కాన్ఫిగ్' కొట్టమని పాత పాఠాలన్నీ చెప్తాయి. ఇప్పటి డెబియన్‌లో కొడితే 'కమాండ్ నాట్ ఫౌండ్'. ఇప్పుడు వాడేది 'ఐపీ' కమాండు. వెనక నడిచే ప్రోగ్రాముల్ని, అంటే సర్వీసుల్ని ఆపడం, నడపడం 2015లో డెబియన్ 8 నుంచి సిస్టమ్‌డీ అనే సాఫ్ట్‌వేర్ చేతికి వచ్చింది. ఉబుంటు 2017లో తెర రూపమే మార్చేసింది. ఈ మార్పులు తప్పని నేను అనడం లేదు. ఏ సలహా ఏ వెర్షన్‌కో, ఏ ఏడాదిదో రాసి ఉండాలి. మందు సీసా మీద తేదీ చూడకుండా పిల్లలకి పట్టం కదా.

నాలుగోది మాటలు. ఇది మా తెలుగు మాస్టార్లకు కోపం తెప్పించొచ్చు, అయినా చెప్తాను. తెలుగు చేసిన మెనూల్లో ఫైలుని 'దస్త్రం' అన్నారు, ఫోల్డర్‌ని 'సంచయం' అన్నారు, పాస్‌వర్డ్‌ని 'సంకేతపదం' అన్నారు. మాటలు అందంగానే ఉన్నాయి. కానీ మా ఆఫీసు గదిలో అటెండర్ కూడా 'ఫైలు తెస్తాను సార్' అంటాడు. 'సంచయం' చూసి మా పిల్లలు ఇది కూడికల పాఠం అనుకున్నారు. చివరికి ఏమైందంటే, తెలుగు మెనూ పెట్టిన 18 మెషీన్లనూ నేనే మళ్లీ ఇంగ్లీషులోకి మార్చాను. తెలుగువాణ్ణయి ఉండి ఇంత పని చేసినందుకు ఆ రోజు నిద్ర పట్టలేదు.

ఇక ఐదోది. ఇది ఇంజనీర్లకు.

మా అబ్బాయి లినక్స్ నేర్చుకుంది అమీర్‌పేటలో. మైత్రీవనం చుట్టుపక్కల ఎన్ని బ్యాచ్‌లు నడుస్తాయో మీకు నేను చెప్పాలా? అక్కడ సార్లు చెప్పేది తెలుగే. "ఇదిగో, రూట్ అంటే ఇంటి యజమాని, మిగతా యూజర్లు అద్దెకున్నవాళ్లు. గోడకి మేకు కొట్టాలంటే యజమానిని అడగాలి" అని చెప్తారు. ఒక్కసారి వింటే జన్మలో మరిచిపోం. ఆ మాట బోర్డు మీదికి వెళ్లేసరికి ఇంగ్లీషు అయిపోతుంది. రన్నింగ్ నోట్స్ ఇంగ్లీషులో, జిరాక్స్ షాపులో దొరికే మెటీరియల్ ఇంగ్లీషులో. మా అబ్బాయి తెచ్చిన కట్ట చూశాను. 'రూట్ ఈజ్ సూపర్ యూజర్' అని ఒక్క లైను ఉంది. ఇల్లూ లేదు, అద్దె లేదు, మేకూ లేదు. అసలు పాఠం గాల్లో కలిసిపోయింది. ఇన్నేళ్లుగా లినక్స్‌ని తెలుగులో చెప్పుకుంటూనే ఉన్నాం. రాసుకోవడం ఒక్కటే మానేశాం.

దీనివల్ల ఎవరికి ఏమవుతోందో నా కళ్ల ముందు జరిగినవే రాస్తున్నాను.

1. మా ఊళ్లో ఒక ఫోటో స్టూడియో అతను. మెషీన్ నెమ్మదించిందని, విండోస్ ఉంచుకునే పక్కన ఉబుంటు వేసుకుందామని సొంతంగా కూర్చున్నాడు. 'ఎరేజ్ డిస్క్ అండ్ ఇన్‌స్టాల్' అని వచ్చింది. డిస్క్ అంటే తను గుచ్చిన పెన్‌డ్రైవ్ అనుకున్నాడు. కింద ఇంగ్లీషులో హెచ్చరిక ఉంది, చిన్న అక్షరాల్లో. నొక్కాడు. ఇంకా ఆల్బమ్ ఇవ్వని రెండు పెళ్లిళ్ల ఫోటోలు అందులోనే ఉన్నాయి. డబ్బు వెనక్కి ఇచ్చాడు. పెళ్లి మళ్లీ చేయించలేడు కదా. ఒక పెళ్లికూతురి తండ్రి షాపు ముందు కూర్చుని ఏడవడం నేను చూశాను. ఆ స్టూడియో అతను ఇప్పుడు లినక్స్ పేరెత్తితే లేచి లోపలికి వెళ్లిపోతాడు.

2. పక్క మండలంలో ఒక స్కూలుకి లినక్స్ వేసిన మెషీన్లు వచ్చాయి. ఎవరికీ తెలియదు కాబట్టి గుడ్డ కప్పి పెట్టారు. తర్వాత టీచర్లు చందాలు వేసుకుని ఒకడిని పిలిపించి దొంగ విండోస్ వేయించుకున్నారు. నెల తిరక్కుండా వైరస్ పట్టి మార్కుల రిజిస్టర్లు తెరుచుకోలేదు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చినదాన్ని పక్కన పెట్టి, డబ్బిచ్చి దొంగసొత్తు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ టీచర్లను ఎలా తప్పుపట్టను? నేనూ నాలుగు కీబోర్డులు మార్చినవాణ్ణే. నాలుగోది ఇంటికెళ్లే ముందు, ఎవరూ చూడకుండా.

3. ఇంట్లో ఫోన్ ఉన్న పిల్లలు ఎలాగో ఒకలా వెతుక్కుంటారు. మా ల్యాబ్ లీడర్లిద్దరిలో అమ్మాయికి సొంత ఫోన్ లేదు. నాన్న ఫోన్ రాత్రి ఎనిమిదింటికి ఇంటికొస్తుంది, అప్పుడు తమ్ముడు లాక్కుంటాడు. ఆ పిల్లకి కాగితం కావాలి. అంతే.

4. పాలిటెక్నిక్, డిగ్రీ పిల్లల సంగతి ఇంకో రకం. మా పూర్వ విద్యార్థి ఒకడు ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్లో మంచి మార్కులు తెచ్చుకున్నాడు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అని టకటకా చెప్పాడు. ఒక ఫైలుని ఎవరు ఏం చేయొచ్చో నిర్ణయించే కమాండు సీహెచ్‌మోడ్. 'సీహెచ్‌మోడ్ 755 అంటే ఏంట్రా?' అంటే 'పర్మిషన్ సార్' అన్నాడు. '755 ఏమిటి, 756 ఎందుకు కాదు?' అంటే నీళ్లు నమిలాడు. నాకు లినక్స్ రాదు కానీ లెక్కలు వచ్చు కాబట్టి అది చూసిన రోజు నాకు పండగ అయింది. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. యజమానికి మూడూ ఇస్తే 4, 2, 1 కలిపి 7. తన గుంపుకి చదవడం, నడపడం ఇస్తే 5. బయటివాళ్లకీ అదే 5. ఈ మూడు అంకెల్ని ఎలా కలిపినా ఒకే మొత్తం రెండు రకాలుగా రాదు, అందుకే ఆ అంకెలు ఎంచుకున్నారు. ఎనిమిదో తరగతి పిల్లలకి ఐదు నిమిషాల్లో వచ్చేసింది. వాడికి మూడేళ్ల డిప్లొమాలో ఎవరూ ఇలా చెప్పలేదు. ఇప్పుడు ఆ ఐదు నిమిషాల కోసం హైదరాబాద్‌లో హాస్టల్ ఫీజు, కోచింగ్ ఫీజు కడుతున్నాడు. వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు.

5. ఈమధ్య పిల్లలు ఫోన్లో చాట్‌బాట్‌ని అడుగుతున్నారు. అది ధీమాగా ఏదో కమాండు ఇస్తుంది. సరైనదో కాదో పోల్చి చూసుకోడానికి నమ్మకమైన తెలుగు పేజీ ఒకటి ఉంటే నాకీ టెన్షన్ ఉండేది కాదు.

'ఎలాగూ ఇంగ్లీషు నేర్చుకోవాలిగా' అనేవారికి ఒక్క మాట. మా పిల్లల లెక్కల పుస్తకం ఇప్పుడు రెండు భాషల్లో ఉంది. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఈ పద్ధతి తెచ్చింది అధికారులైన మీరే. మొదట్లో నేను వెటకారం చేశాను, ఇప్పుడు తప్పు ఒప్పుకుంటున్నాను. పిల్లలు తెలుగు పేజీలో అర్థం చేసుకుని ఇంగ్లీషు పేజీలో మాట పట్టుకుంటున్నారు. లెక్కలకి పనికొచ్చింది లినక్స్‌కి పనికిరాదా?

'ఇది జరిగే పనేనా' అనేవారికి కేరళ ఉంది. అక్కడ 2001లో ఐటీ ఎట్ స్కూల్ అని మొదలుపెట్టి, తర్వాత స్కూలు ల్యాబులన్నిటినీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కి, అంటే ఎవరైనా వాడుకోగల, మార్చుకోగల సాఫ్ట్‌వేర్‌కి మార్చారు. 2017లో దాన్నే కైట్ అనే ప్రభుత్వ కంపెనీ చేశారు. ఉబుంటు మీద తమ స్కూళ్ల కోసం సొంత డిస్ట్రో కట్టుకున్నారు. దానికి సరిపోయే ఐటీ పాఠ్యపుస్తకాలు మలయాళంలోనే కాదు, తమిళ, కన్నడ మీడియం పిల్లలకీ ఉన్నాయి. పదో తరగతికి ఐటీ ప్రాక్టికల్ పరీక్ష ఉంది. కాసరగోడులో ఓ కన్నడ పిల్లవాడు తన భాషలో పుస్తకం పట్టుకుని లినక్స్ నేర్చుకుంటున్నాడు. ఎనిమిది కోట్ల భాష మనది.

మన దగ్గర పని మొదలు కాలేదని కూడా అనను. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే స్వేచ్ఛ సంస్థ వాళ్లు ఇరవై ఏళ్ల కిందటే తెలుగు తెరతో లినక్స్ తయారు చేశారు. కేంద్ర ప్రభుత్వం 2015లోనే తన ఆఫీసుల్లో ఇలాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కి ప్రాధాన్యం ఇవ్వాలని విధానం ప్రకటించింది. దేశంలో సాంకేతిక విద్యని చూసే ఏఐసీటీఈ ఇంజనీరింగ్, డిప్లొమా పుస్తకాలు తెలుగులోకి కూడా తెప్పించింది. అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని అన్నట్టు, ఇవన్నీ ఉండి కూడా ల్యాబ్‌లో కూర్చున్న మాస్టారి చేతికి మాత్రం ఏ కాగితమూ రాలేదు.

కాబట్టి మేము కోరుతున్నవి ఇవి. మేము అంటున్నది ఎందుకంటే, ఈ మాటలు చదివి వినిపిస్తే మా మండలంలో మరో తొమ్మిది మంది టీచర్లు సరే అన్నారు.

1. రెండు భాషల్లో ఒక చేతిపుస్తకం కావాలి. వంద పేజీలు చాలు. ఇన్‌స్టాల్ చేసే ముందు ఏం జాగ్రత్తపడాలి, ఫైళ్లు ఎక్కడుంటాయి, పర్మిషన్లు ఏమిటి, సాఫ్ట్‌వేర్ ఎలా వేయాలి, తెలుగు ఎలా టైపు చేయాలి, ప్రింటర్ ఎలా కలపాలి, తరచుగా వచ్చే ఒక యాభై ఎర్రర్లకి అర్థమేమిటి. ప్రతి పేజీ కింద ఏ వెర్షన్‌కి, ఏ నెలలో సరిచూశారో ఉండాలి. డెబియన్ కొత్త వెర్షన్ దాదాపు రెండేళ్లకోసారి వస్తుంది, పుస్తకం కూడా రెండేళ్లకోసారి దిద్దితే సరిపోతుంది. ఎవరైనా జిరాక్స్ తీసుకునేలా, మార్చుకునేలా స్వేచ్ఛా లైసెన్సు ఇవ్వాలి. దయచేసి యూనికోడ్‌లో టైపు చేయించండి. పాత డీటీపీ ఫాంట్లలో చేసి పీడీఎఫ్ పెడితే అందులో ఒక్క మాట కూడా వెతకలేం.

2. ప్రభుత్వం కొని ఇచ్చే ప్రతి లినక్స్ మెషీన్‌లో ఆ పుస్తకం ముందే వేసి ఉండాలి, డెస్క్‌టాప్ మీదే, నెట్ లేకపోయినా తెరుచుకునేలా. టెండరు షరతుల్లో ఈ ఒక్క లైను చేర్చండి. ఒక సూచన. దీన్ని టెర్మినల్లో, అంటే కమాండ్లు కొట్టే తెరలో చదివేలా చేయొద్దు, మేము చూశాం, అక్కడ తెలుగు ఒత్తులూ గుణింతాలూ సరిగా కూడవు. బ్రౌజర్లో తెరుచుకునే పేజీలైతే శుభ్రంగా కనపడతాయి.

3. మాటల పట్టిక ఒకటి వేయండి. తెలుగు అకాడమీ 1968 నుంచి పరిభాష పనిలోనే ఉంది, అనుభవానికి కొదవ లేదు. కాకపోతే ఈసారి కమిటీలో ఇద్దరు ల్యాబ్ టీచర్లను, ఒక మీసేవ ఆపరేటర్‌ని కూర్చోబెట్టండి. జనం 'ఫైలు' అంటుంటే 'ఫైలు' అనే రాయండి. 'భద్రపరచు' లాంటివి ఇప్పటికే అలవాటయ్యాయి, అవి ఉంచండి.

4. రాసేవాళ్లకి సమయం ఇవ్వండి. టీచర్లకి ఆన్ డ్యూటీ, డిగ్రీ పిల్లలకి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కింద లెక్క. సర్వేల పేరుతో ఊళ్లో ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపే బదులు, ఒక పిల్లవాడు మూడు కమాండ్ల గురించి తెలుగులో రాసి, ఆ పేజీని ఒక పల్లెటూరి ల్యాబ్‌లో పరీక్షించి వస్తే అది సేవ కాదా?

5. తప్పులు చెప్పడానికి ఒక చిరునామా, చదవడానికి ఒక మనిషి ఉండాలి. 30 రోజుల్లో జవాబు. 'పరిష్కరించబడినది' అని మాత్రం వద్దు.

6. ఇది ఇంజనీర్లకే. తమ్ముళ్లూ, అమ్మాయిలూ, మిమ్మల్ని డబ్బు అడగడం లేదు, కంప్యూటర్లు అడగడం లేదు. ఆఫీసులో కొత్తగా చేరిన జూనియర్‌కి క్యాంటీన్లో తెలుగులో ఏం చెప్తారో, అదే నెలకి ఒక పేజీ రాయండి. ఇల్లు, అద్దె, మేకు అన్నీ ఉండాలి. రాశాక లినక్స్ అసలు తెలియని ఒక మనిషికి, మీ అమ్మగారికో బావగారికో చదివి వినిపించండి. ఎక్కడ ఆపి 'అంటే?' అని అడిగారో అక్కడ ఇంకో వాక్యం రాయండి. మీరు అమెరికాలో ఉన్నా, బెంగళూరులో ఉన్నా ఈ పని కుదురుతుంది. మా అబ్బాయికి కూడా ఇదే చెప్పాను. 'చూద్దాంలే నాన్నా' అన్నాడు. అందుకే ఇక్కడ అందరి ముందూ రాస్తున్నాను.

జూన్‌లో స్కూళ్లు తెరిచేలోపు కనీసం ఒకటో కోరిక మీద ఒక మాట చెప్పమని మనవి. అప్పటిదాకా మేము ఆగలేం కాబట్టి మా ల్యాబ్ లీడర్లిద్దరూ ఒక 40 పేజీల నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టారు. ఇప్పటికి 14 పేజీలయ్యాయి. వాటి జిరాక్స్ ఈ ఉత్తరానికి జతచేశాను. మొదటి పేజీలో పైన అమ్మాయి ఎర్ర పెన్నుతో రాసింది: "పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు ఏమీ కనపడదు. కీబోర్డు పోలేదు. డెబియన్ 13, జనవరి 2026." తప్పులుంటే దిద్ది పంపండి.

ఇట్లు,
ఒక లెక్కల మాస్టారు